సంగ్రహణికి పథ్యము

జబ్బు చేసిన ఇంటికి వైద్యుడు వచ్చి మందిచ్చినంతనే ఇంటివారు అడుగు మాట ఒకటి కలదు: "పథ్యమేమి?" మందు చేదైనను మ్రింగుదుము. కాని ఏది తినవచ్చునో, ఏది తినరాదో తెలిసికొననిదే వైద్యము పూర్తియైనట్లు మనకు తోచదు. ఇది తరతరములనుండి వచ్చిన విశ్వాసము. ఈ విశ్వాసమునకు ఆధారమెంత? ఆహారమును మార్చుటచేత జీర్ణకోశ వ్యాధిని మాన్పవచ్చునా? మాన్పవచ్చునన్నచో, ఏ ఆహారముచేత? ఏ కారణమున? ఈ ప్రశ్నలకు ఊహలతో గాక, ఒకే ఒక వ్యాధి చరిత్రలో సమాధానము వెదకుదము. ఆ వ్యాధి సంగ్రహణి. ఇంగ్లీషు వైద్యులు దీనికి సమీపమైన వ్యాధిని "స్ప్రూ" అందురు. దాని కథలో మన తెలుగు కుటుంబమొకటి కన్నీటితో నిలిచియున్నది.

ఈ వ్యాధి లక్షణములు భయంకరములు. మొదట నీళ్ల విరేచనములు పట్టుకొనును. కొన్ని దినములలో తగ్గవలసినవి వారములు, నెలలు సాగును. మలము పాలిపోయి, జిడ్డుగా, విస్తారముగా పోవును. కడుపు ఉబ్బును. నాలుక ఎఱ్ఱగా పూచి, కారము తగిలినంతనే మండును. ఆకలి నశించును. తిన్నది ఒంటబట్టదు. కండలు కరగి, రక్తము పలుచబడి, మనిషి అస్థిపంజరమై పోవును. ఆహారము ఎదుటనుండగానే ఆకలితో మరణించుట వంటిది ఈ మరణము. భారతదేశము, బర్మా, ఇండోనీషియా, వెస్టిండీసు ద్వీపములు మున్నగు ఉష్ణ ప్రాంతములలో ఇది ఎందరినో పొట్టన పెట్టుకొన్నది.

మన ప్రాచీన వైద్యులు జీర్ణక్రియను అగ్నిగా భావించిరి. ఆ అగ్నికి ఆశ్రయమైన స్థానమునకు గ్రహణియని పేరు. అది పక్వము కాని అన్నమును పట్టి నిలుపును. పక్వమైనదానిని క్రిందికి విడుచును. ఆ పట్టు సడలిన స్థితియే గ్రహణీ రోగము. చరకసంహితలో చికిత్సాస్థానమున 15వ అధ్యాయము ఈ రోగమునకే కేటాయింపబడినది. అందు చెప్పబడిన గ్రహణి యంతయు నేటి స్ప్రూయేయని మనము అనరాదు. ప్రాచీనుల గ్రహణిలో పలువిధములైన దీర్ఘకాలపు ప్రేగు జబ్బులు ఇమిడియున్నవి. అయినను ఆ అధ్యాయములో ఒక విషయము గమనింపదగినది. గ్రహణి రోగికి మజ్జిగ మిక్కిలి హితమైనదని, అది తేలికయైనదని, అగ్నిని రగుల్చునని, మలమును పట్టి నిలుపునని చరకుడు చెప్పియున్నాడు. పాలు కాదు, నెయ్యి కాదు, మజ్జిగ! ఈ ఎంపికకు కారణమేమో మనము ముందు చూతము.

పశ్చిమదేశపు వైద్యులకు ఈ వ్యాధి వలస దేశములలో ఎదురైనది. విలియం హిల్లరీ అను వైద్యుడు వెస్టిండీసులోని బార్బడోసు ద్వీపములో చూచిన రోగులను గూర్చి 1759లో వర్ణించి వ్రాసెను. నోటిపూత, దీర్ఘకాల విరేచనములు, శరీరక్షయము ఆ వర్ణనలో స్పష్టముగా కనబడును. పిమ్మట 1880లో, చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన పాట్రిక్ మాన్సన్, జావాలోని డచ్చివారు వాడు మాటను గ్రహించి ఈ వ్యాధికి స్ప్రూయని ఇంగ్లీషులో పేరు నిలిపెను. దోమకాటునకు బోదకాలునకు గల సంబంధమును వెల్లడించిన మాన్సన్ ఈయనయే.

మాన్సన్ కాలపు వైద్యులకు ఈ వ్యాధి మూలము తెలియదు. కావున వారును మనవలెనే పథ్యమును ఆశ్రయించిరి. కొందరు రోగికి పాలు తప్ప మరేమియు ఈయరైరి. కొందరు పండ్లను నమ్మిరి. స్ట్రాబెరీ పండ్లకు అందు మంచి పేరుండెను. తరువాతి వైద్యులు అరటిపండును, కార్జమును ప్రయత్నించిరి. ఒక పథ్యముచేత ఒకడు కోలుకొనెను. అదే పథ్యముచేత మరియొకడు కోలుకొనలేదు. అనుభవము కలదు, కారణము తెలియదు. చీకటిలో తడవుచు తలుపు వెదకినట్లుండెను ఆనాటి చికిత్స.

ఇట్టి చీకటి కాలములోనే ఆ వ్యాధి మన తెలుగునాట ఒక ఇంట ప్రవేశించినది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో జన్మించెను. తండ్రి కాలముచేసిన పిమ్మట ఆ కుటుంబము పేదరికముతో పోరాడినది. సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవమారు గట్టెక్కి, మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. ఆ యౌవనకాలములోనే ఆయన అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది దినముల వ్యవధిలో ఒకరి వెనుక ఒకరు స్ప్రూ వ్యాధికి బలియైరి. ఆయనకును ఆ వ్యాధియే సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచేత ఆయన బ్రతికి బయటపడెనని జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. లక్ష్మీపతిగారు ఇంగ్లీషు వైద్యమున పట్టము పొంది, ఆయుర్వేదమునకు తమ జీవితమును అంకితము చేసిన విద్వాంసులు. తరువాత సుబ్బారావు మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రమును బోధించెను.

ఒక వైద్య విద్యార్థికి ఇంతకంటె క్రూరమైన పాఠముండదు. పాఠశాలలో చదివినది ఇంటిలో ఎవరిని కాపాడలేకపోయినది. సుబ్బారావు 1923లో అమెరికాకు పోయి, బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రమునే మొదట అభ్యసించెను. తరువాత జీవరసాయన శాస్త్రములోనికి ప్రవేశించి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని సైరస్ ఫిస్కేతో కూడి 1925లో ప్రకటించెను. కండరములకు శక్తినిచ్చు ద్రవ్యములను వెలికితీసెను. అంతటితో ఆగక కాలేయసారములోని జీవకణ పోషక ద్రవ్యములను వెదకుటకు పూనుకొనెను. ఈ అన్వేషణ ఎచ్చటికి చేరినదో తెలియుటకు, మరల మన దేశమునకు రావలసియున్నది.

ఆ కాలములో దక్షిణదేశమునందలి కూనూరు కొండలమీద ఆహారశాస్త్ర పరిశోధన జరుగుచుండెను. రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు అచ్చట దానికి పునాది వేసెను. పోషకములు లోపించిన ఆహారమును కోతులకు పెట్టినపుడు వాని ప్రేగులు చెడి విరేచనములు పట్టుకొనుటను ఆయన గమనించి, 1921లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. ప్రేగు చెడినందున ఆహారము ఒంటబట్టకపోవుట అందరు ఎరిగినదే. ఆహారము చెడినందున ప్రేగే చెడునని చూపుట కొత్త మాట. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దాని సంతానమే.

లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చినది. ఆమె కూనూరులోను, మద్రాసు గోషా ఆస్పత్రిలోను కూడ కొంతకాలము పనిచేసినది. బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలు గర్భవతులైనపుడు తీవ్రమైన రక్తహీనతకు గురియై మరణించుచుండిరి. వారి ఆహారమును ఆమె శ్రద్ధగా పరిశీలించినది. అందు ఆకుకూరలు, పండ్లు, పాలు, మాంసము మిక్కిలి తక్కువ. అట్టి ఆహారమునే కోతులకు పెట్టగా వానికిని అట్టి రక్తహీనతయే కలిగినది. పలు మందులు పనిచేయని ఒక కోతికి, ఈస్టునుండి చేసిన మార్మైట్ అను చౌకయైన ముద్దను తినిపించినది. కోతి కోలుకొన్నది. తరువాత రోగులును కోలుకొనిరి. 1931లో ఆమె ఈ సంగతిని ప్రకటించినది. ఈస్టులోను కార్జములోను ఏదియో తెలియని పోషకద్రవ్యము కలదని, అది లేనిచో రక్తము పుట్టదని లోకమునకు తెలిసినది. దానికి కొంతకాలము "విల్స్ ద్రవ్యము" అనియే పేరు.

ఆ ద్రవ్యము ఆకులలోను కలదని పదేండ్లకు తేలినది. 1941లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 4 టన్నుల పాలకూరను పిండి, దానినుండి అత్యల్ప పరిమాణములో ఒక ఆమ్లమును గాఢము చేసిరి. లాటిను భాషలో "ఫోలియం" అనగా ఆకు. కావున దానిని ఫోలిక్ ఆమ్లమనిరి. బండ్లకొలది ఆకు నలిపినను చిటికెడు రాని ఈ ద్రవ్యమును రోగులకు ఎట్లు పంచగలము? ప్రయోగశాలలో తయారుచేయుటయొకటే మార్గము. అది న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్‌లోనున్న లెడర్లీ ప్రయోగశాలలలో నెరవేరినది. 1940లో అందు చేరిన సుబ్బారావు అప్పటికి ఆ సంస్థ పరిశోధనలకు అధిపతియై యుండెను. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము కాలేయమునుండి ఆ ద్రవ్యమును వేరుచేసి, 1945లో దానిని కృత్రిమముగా నిర్మించి, ఆ వార్తను ప్రకటించెను. ఆ ప్రకటనపైనున్న పలువురి పేర్లలో సుబ్బారావు పేరొకటి.

వెనువెంటనే, 1945, 1946 సంవత్సరములలో, టామ్ స్పీస్ అను అమెరికను వైద్యుడును ఆయన సహచరులును క్యూబాలోను ప్యూర్టోరికోలోను స్ప్రూ రోగులకు ఈ మందునిచ్చిరి. కొద్ది దినములలో వారికి ఆకలి పుట్టినది. నాలుకమంట చల్లారినది. రక్తము వృద్ధియైనది. విరేచనములు తగ్గి, శరీరము బరువెక్క నారంభించినది. అన్నదమ్ములను పోగొట్టుకొన్న భీమవరపు బిడ్డడు నడిపిన ప్రయోగశాలనుండి వచ్చిన పసుపుపచ్చని పొడి, వారిని చంపిన వ్యాధికే విరుగుడైనది. సుబ్బారావు 1948 ఆగస్టులో, ఏబది మూడేండ్ల ప్రాయమున, అమెరికాలోనే కన్నుమూసెను.

ఇప్పుడు కారణమును తెలిసికొందము. ఇంచుమించు 20 అడుగుల పొడవున్న చిన్నప్రేగు లోపలి గోడమీద వెంట్రుకలవలె సన్నని చూషకములు లెక్కకు మిక్కిలిగా కలవు. జీర్ణమైన ఆహారమును పీల్చుకొనునవి ఇవియే. వీనిని కప్పియున్న కణములు మూడు నుండి అయిదు దినములలోనే రాలిపోయి, వాని స్థానమున కొత్తవి పుట్టును. శరీరములో ఇంత వేగముగా నూతనమగు భాగములు అరుదు. కొత్త కణము పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. ఆ ఆమ్లము కొరవడినచో చూషకములు కుంచించుకొనిపోవును. చూషకములు కుంచించుకొనిపోయినచో ఆహారములోని ఫోలిక్ ఆమ్లమే ఒంటబట్టదు. ఒంటబట్టనందున చూషకములు మరింత క్షీణించును. గానుగెద్దు తిరిగినట్లు ఈ విషవలయము తిరుగుచుండును. శరీరములోని నిలువ సుమారు నాలుగు నెలలలో అడుగంటును. అప్పుడు ఎముకల మూలుగలో రక్తము పుట్టుటయు మందగించును. రోగి పాలిపోవుటకు కారణమిదియే.

దీనిని బట్టి పూర్వుల పథ్యములను మరల చూతము. స్ట్రాబెరీలో ఈ ఆమ్లము చెప్పుకోదగినంత కలదు. కార్జములో సమృద్ధిగా కలదు. చీకటిలో తడవిన చేతులు కొన్నిమారులు సరియైన తలుపునే తాకినవన్నమాట. ఇక మజ్జిగ సంగతి. చూషకములు చెడిన ప్రేగు రెండింటిని భరింపజాలదు: ఒకటి క్రొవ్వు, రెండవది పాలలోని చక్కెర. మలము జిడ్డుగా పోవుట క్రొవ్వు అరుగకపోవుటవలననే. పాల చక్కెరను విడగొట్టు ద్రవ్యము చూషకముల కొసలయందే పుట్టును గనుక, ఆ కొసలు రాలినపుడు పాలు త్రాగినచో కడుపు ఉబ్బును. మజ్జిగలో వెన్న చిలికి తీయబడినది. పాల చక్కెరలో కొంతభాగము తోడుకొనునపుడే పులుపుగా మారినది. మాంసకృత్తులు మాత్రము నిలిచియున్నవి. తెగులు పట్టిన ప్రేగునకు ఏది భారమో అది తగ్గి, ఏది బలమో అది మిగిలినది. పాలు మాత్రమే పట్టించిన వైద్యులకు కొందరు రోగులు దక్కకపోవుటకు కారణమును ఇక్కడ ఊహింపవచ్చును. చరకునికి పాల చక్కెర తెలియదు. రోగి పొట్ట తెలియును.

అయితే కథ ఇక్కడితో ముగిసినదనుకొన్నచో పొరపాటు. ఫోలిక్ ఆమ్లముచేత వ్యాధి అంతయు రూపుమాయలేదు. 1960వ దశకపు తొలి సంవత్సరములలో ఉత్తర ఆర్కాటు జిల్లా గ్రామములలో స్ప్రూ అంటువ్యాధివలె వ్యాపించెను. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోని సెల్విన్ బేకర్, ఆయన సహచరులును ఊరూర తిరిగి దానిని పరిశోధించిరి. ఇంటింట ఒకరి తరువాత ఒకరికి సోకుటను చూచినచో, ఆహారలోపమొక్కటే కారణమని చెప్పుటకు వీలులేకపోయినది. ఏదియో అంటు మొదట ప్రేగును గాయపరచుననియు, పోషకలోపము ఆ గాయమును మాననీయదనియు వైద్యశాస్త్రము భావించుచున్నది. అందువలన ఫోలిక్ ఆమ్లముతోబాటు టెట్రాసైక్లిన్ జాతి మందును కొన్ని నెలలపాటు ఇచ్చుట చికిత్సా సంప్రదాయమైనది. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడ 1948లో లెడర్లీ నుండియే వెలువడుట ఒక విశేషము. తరువాతి దశాబ్దములలో ఈ వ్యాధి మన దేశములో చాల తగ్గినది. త్రాగునీరు మెరుగుపడుట, అంటువిరేచనములకు మందులు సకాలమున దొరకుట ఇందుకు తోడ్పడినవని వైద్యులు చెప్పుదురు.

మరియొక హెచ్చరిక కూడ ఈ చరిత్రలో కలదు. 1948లో బి-12 విటమిను వేరుచేయబడినది. దీర్ఘకాల స్ప్రూలో ఇదియు ఒంటబట్టదు. బి-12 కొరవడిన రోగికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము మెరుగుపడినట్లు కనబడును. నరములు మాత్రము లోలోపల చెడుచుండును. కావున రక్తహీనతయనగానే ఎవరికి వారు ఫోలిక్ ఆమ్లపు బిళ్ళలు మ్రింగుట క్షేమము కాదు. ఆకుకూరలలో బి-12 లేదు. శాకాహారులకు అది పాలు, పెరుగు, మజ్జిగలనుండియే రావలెను.

ఈ చరిత్రనుండి మనము ఇంటికి తీసికొనిపోదగిన సంగతులు కొన్ని కలవు. మొదటిది: "లంఘనం పరమౌషధం" అను సామెతను దీర్ఘకాలపు విరేచనములకు వర్తింపజేయరాదు. ఒకపూట అజీర్తికి ఉపవాసము మేలుచేయవచ్చును. వారములకొలది విరేచనములగుచున్నవానిని పస్తుంచినచో, ప్రేగు తన్ను తాను బాగుచేసికొను సామగ్రి నశించును. చంటిపిల్లల విషయమున ఈ పొరపాటు ప్రాణాంతకము. నీరు, ఉప్పు, చక్కెర కలిపిన పానీయమును పట్టుచు, తల్లిపాలు మానకుండ, అరిగెడు ఆహారమును కొద్దికొద్దిగా పెట్టుచుండవలెను. రెండవది: ఆరోగ్యముగానున్న దినములలోనే తోటకూర, పాలకూర, పెసలు, శనగలు కొలదిగానైనను ప్రతిదినము పళ్లెములో నుండవలెను. ఫోలిక్ ఆమ్లము వేడికి చెడును, నీటిలో కరగును. ఆకుకూరను విస్తారమైన నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసినచో సగము వరకు పోవచ్చును. కొద్ది నీటితో మూతపెట్టి మగ్గించుట, లేక పప్పులో కలిపి వండుట మేలు. మన ఇండ్లలోని ఆకుకూర పప్పు ఈ దృష్టితో చూచినచో సామాన్యమైన వంటకము కాదు. మూడవది: ఎంత మంచి పథ్యమైనను చెడునీటిని జయింపలేదు. కాచి చల్లార్చిన నీరు, కడిగిన చేతులు పథ్యములో భాగములే. నాలుగవది: రెండు మూడు వారములు దాటిన విరేచనములు, తగ్గుచున్న బరువు, మలములో రక్తము కనబడినపుడు పథ్యముతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను.

"పథ్యమేమి?" అను మన ప్రశ్న మంచి ప్రశ్నయే. ఒక ప్రేగు వ్యాధి విషయమున దానికి పూర్తి సమాధానము దొరకుటకు హిల్లరీ నాటినుండి ఇంచుమించు రెండువందల ఏండ్లు పట్టినది. మజ్జిగను ఎరిగిన ఆయుర్వేదము, బొంబాయి మిల్లుల స్త్రీలు, కూనూరు కొండ, నాలుగు టన్నుల పాలకూర, వెల్లూరు పల్లెలు, భీమవరపు ఇంటిలో వెంటవెంటనే లేచిన రెండు పాడెలు ఆ సమాధానములో కలసియున్నవి. ఆహారము ప్రేగును పోషించును. ప్రేగు మనలను పోషించును. ఆ రెంటి నడుమ తెగిన తీగెను తిరిగి కలుపుటయే పథ్యము చేయు పని. అది తెగకుండ చూచుకొనుట మాత్రము ప్రతిదినము మన వంటింటిలోను, మన నీళ్లబిందెదగ్గరను జరుగవలసిన పని.